కనుబొమ్మలు ఎగరేసిన పాపానికి

సన్నాయి నేర్చుకోవాలని ఈ మధ్య ఒకరిద్దరు పిల్లలు నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. ఫోన్లో చూసి సగం నేర్చేసుకున్నవాళ్లే. "ముందు ఏ రాగం పట్టుకోవాలె?" అని అడుగుతారు. ముందు మీ కనుబొమ్మలు అదుపులో పెట్టుకోండి, రాగం సంగతి తర్వాత చూద్దాం అంటాను. ముసలాయనకు చాదస్తం అనుకుని, చాయ్ తాగి వెళ్లిపోతారు. నేనెందుకలా అంటున్నానో ఒకసారి కాగితం మీద పెడితే వచ్చిన ప్రతివాడికీ మొదటినుంచి చెప్పే శ్రమ తప్పుతుందని ఇది రాస్తున్నాను.

సిద్దిపేటలో ముప్పై అయిదేళ్లు పెళ్లిళ్లకు సన్నాయి ఊదాను. నెల జీతం, సెలవు చీటీ, పై అధికారి, ఏదీ లేని ఉద్యోగం. పై అధికారి లేడనడం అబద్ధం, పంచాంగం ఉంది. లగ్గాల నెలల్లో అది నన్ను ఒక్క పూట ఇంట్లో ఉండనిచ్చేది కాదు. మూఢం వచ్చిందంటే ఒక్క పూట కూడా పని ఇచ్చేది కాదు. రిటైర్మెంటు ఆర్డరు మాత్రం నా పళ్లు ఇచ్చాయి. ముందువి రెండు ఒకే వానకాలంలో రాజీనామా చేశాక, ఊదితే సగం గాలి సన్నాయిలోకి, సగం ఊళ్లోకి పోవడం మొదలైంది. ఇక చాలనుకున్నాను.

నా పక్కన డోలు వాయించిన మనిషి ఒక్కడే, మొదటినుంచి చివరిదాకా. మర్కూక్ దగ్గరి మనిషి. నాకు దూరపు చుట్టం, వరసకు బావ. మేమిద్దరం మా పెళ్లాలతో కంటే ఒకరితో ఒకరం ఎక్కువ భోజనాలు చేశాం. బావకు ఒక చిక్కు ఉండేది. గట్టిమేళం ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పేది పంతులు. జీలకర్ర బెల్లం పెట్టించే క్షణంలో ఆయన చెయ్యి పైకెత్తుతాడు. మా చిన్నప్పుడు ఆ చెయ్యి మేళగాళ్లందరికీ కనిపించేది. తర్వాత ఫొటోలవాళ్లు వచ్చారు, వీడియోలవాళ్లు వచ్చారు, వాళ్లకు లైట్లు పట్టేవాళ్లు వచ్చారు. పెళ్లి పందిట్లో పెళ్లి తప్ప అన్నీ కనిపించే కాలం వచ్చింది. నేను కొంచెం పొడుగు కాబట్టి మెడ సాచి పంతులు చెయ్యి చూడగలిగేవాడిని. బావ పొట్టివాడు, పైగా ఒడిలో డోలు. నా నోట్లో సన్నాయి, చేతులు దాని మీద. మరి ఆయనకు కబురు చెప్పేదెట్లా? అందుకని రెండు కనుబొమ్మలూ ఒక్కసారి పైకి ఎగరేసేవాడిని. ఆ మరుక్షణం డోలు ఉరిమేది.

అలా ముప్పై ఏళ్లు. ఎన్ని వందల లగ్గాలకు వాయించాడో కానీ, బావ ఒక్క పెళ్లికూతురి ముఖం కూడా చూడలేదు. చూసిందంతా నా నుదురే. "నీ మొకం సూసి సూసి నాకు అందరు పెండ్లికొడుకులు నీ తీర్గనే కనపడుతుండ్రు" అనేవాడు. ఒకసారి మర్కూక్‌లో, ముహూర్తానికి పావుగంట ముందు ఒక ఈగ వచ్చి నా కుడి కనుబొమ్మ మీద కూర్చుంది. కదలలేదు. నేనూ కదల్లేదు. కళ్లలో నీళ్లు కారుతున్నా కదల్లేదు. పెళ్లికూతురి మేనత్త అది చూసి, "పాపం, సన్నాయాయనకు ఎంత మంచి మనసో" అని తనూ ఏడ్చింది. వృత్తి అంటే అది. ఈ వయసులోనైనా నన్ను నేను కాస్త పొగుడుకోనివ్వండి, ఎందుకంటే ఆ తర్వాత చెప్పబోయేది పొగుడుకునే సంగతి కాదు.

మాకు ఒక్కతే బిడ్డ. మా ఆవిడ కుట్టుమిషను నడిపేది. లగ్గాల నెలల్లో నాకెంత పనో, ఊళ్లో జాకెట్ల వల్ల ఆవిడకూ అంతే పని. అందుకని బడి లేని రోజుల్లో బిడ్డ నా మోపెడ్ ముందు నిలబడి నాతోపాటు పెళ్లిళ్లకు వచ్చేది. మూఢం, ఆషాఢం వస్తే నేను ఇరవై నాలుగు గంటల తండ్రిని. పొద్దున్నే కోమటిచెరువు కట్ట మీద సాధన చేసుకుని వచ్చి, దానికి స్నానం చేయించి, జడలు వేసి బడికి దింపేవాడిని. జడలు వేయడం నాకు డోలు తాళ్లు బిగించడం చూసి వచ్చిన విద్య. నేను రెండు జడలు వేస్తే నా బిడ్డ కనుబొమ్మలు నెత్తి మీదికి పోయేవి. "ఈ పిల్ల ఎప్పుడూ ఎందుకు ఆశ్చర్యపోతుంటది?" అని బళ్లో టీచరు మా ఆవిడను పిలిచి అడిగిందట.

పెళ్లి పందిట్లో అది డోలు వెనక కూర్చునేది. ఆకలి వేస్తే లేచి నిలబడి, నాకు కనిపించేలా కనుబొమ్మలు ఎగరేసేది. అంటే, అయిపోయిందా బాపు అని. నా నోరు ఖాళీ ఉండదు. కాబట్టి ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకెత్తేవాడిని. ఇంకొంచెం ఆగు బిడ్డా అని దానర్థం. రెండూ ఎత్తితే బావది, ఒకటి ఎత్తితే బిడ్డది. ఈ లెక్క ఎన్నేళ్లు నడిచినా మా ముగ్గురిలో ఎవరూ పొరబడలేదు.

రెండో తరగతిలో ఉన్నప్పుడనుకుంటా, కొండపాకలో ఒక పెళ్లి చూసుకుని మోపెడ్ మీద తిరిగి వస్తుంటే నా బిడ్డ వెనక్కి తిరిగి అడిగింది.

"బాపు, నా లగ్గంల ఎవరు ఊదుతరు?"

"నేనే ఊదుత. ఇంకెవడు ఊదుతడు?"

"మాట తప్పవు గద?"

"తప్ప బిడ్డా."

ఎంత సులువుగా అన్నానో చూడండి. రోజూ పెళ్లిళ్లలో మసలేవాడిని. పెళ్లికూతురి తండ్రి పీటల మీద కూర్చోవాలని, అల్లుడి కాళ్లు కడగాలని, కన్యాదానం చేయాలని నాకు తెలియక కాదు. ఆ క్షణాన గుర్తు రాలేదు, అంతే. అయినా పిల్లలకిచ్చిన మాటలు పిల్లలే మరిచిపోతారులే అనుకుంటాం కదా. మరిచిపోయేది మనమే.

బిడ్డ పెద్దదైంది. రక్తపరీక్షల చదువు చదివి ఊళ్లోనే ఒక దవాఖానలో ల్యాబులో చేరింది. తొగుట వైపు సంబంధం కుదిరింది. అబ్బాయి నెమ్మదస్తుడు, వియ్యాలవారు మంచివాళ్లు. లగ్నపత్రిక రాయించుకుని వచ్చిన రోజు, అది నాకు చాయ్ ఇస్తూ, ఆఫీసులో ఫైలు అడిగినట్టు అడిగింది.

"బాపు, ఊదుతవు గద?"

"ఏంది బిడ్డా?"

"కొండపాక నుంచి వస్తుంటె మాటిచ్చినవు."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. మా ఆవిడ మిషను మీద నుంచే అందుకుంది. "ఏం మాటే? మీ బాపు పీటల మీద కూసుంటడు. మాటలు గీటలు ఏం లెవ్వు."

మర్నాడు పంతులు దగ్గరికి పోయాను. ఆయనా నేనూ కలిసి చేసిన పెళ్లిళ్లకు అంతులేదు. విషయం చెబితే ఆయన పంచాంగం మూసి నా వైపు చూశాడు.

"పీటల మీద కూసున్నోడు సంకల్పం చెప్పాలె. మంత్రం చెప్పిస్తె తిరిగి చెప్పాలె. నీకు నోరు ఎన్నున్నయి?"

"ఒకటే అయ్యగారు."

"ఒక నోటితోటి రెండు పన్లు కావు. ఊదుతవా, దానం చేస్తవా, తేల్చుకో."

నేను తేల్చుకున్నాను. మా అన్నయ్య, వదినను పీటల మీద కూర్చోబెట్టి నేను మేళంలో కూర్చుంటాననుకున్నాను. పెద్దతండ్రి కన్యాదానం చేయడం లోకంలో లేనిదేం కాదు. ఇది ఇంట్లో చెప్పిన సాయంత్రం మా ఆవిడ మిషను ఆపింది. లగ్గాల నెలలో ఆవిడ మిషను ఆపడం నేను ఎన్నడూ చూడలేదు.

"ఊరోళ్ల బిడ్డల పెండ్లిలన్ని సూసినవు. నీ బిడ్డ పెండ్లి ఒక్కటన్న కూసోని సూడవా? బిడ్డ చెయ్యి మీ అన్న ఇడిసిపెడితె, నువ్వు గాడ మూలకు కూసోని పీక నానబెట్టుకుంటవా? అట్లయితె నేను గూడ కూసోను. మిషను కుట్టుకుంట."

పీక అంటే సన్నాయి కొసన పెదవుల మధ్య పెట్టుకునే రెల్లు ముక్క. ఊదే ముందు దాన్ని నోట్లో నానబెట్టుకోవాలి. మా ఆవిడకు సన్నాయి అంటే సవితి. పేరు కూడా అదే పెట్టింది. "నీ సవితి గూట్ల ఉన్నది, తీస్కపో" అనేది. ఇప్పుడు ఆ సవితి పోరు నా బిడ్డ పెళ్లికే వచ్చి పడింది.

ఆవిడ చెప్పింది న్యాయమే. బిడ్డ అడిగింది కూడా న్యాయమే. నేను రెండు న్యాయాల మధ్య పిల్లిలా అటూ ఇటూ తిరిగి, చివరికి పీటల మీదే కూర్చుంటానని ఒప్పుకున్నాను. బిడ్డకు మాత్రం ఆ మాట సూటిగా చెప్పలేకపోయాను. అడిగినప్పుడల్లా "సూద్దాం బిడ్డా" అన్నాను. ఈ "సూద్దాం" ఉంది చూశారా, పిరికి తండ్రుల జేబులో ఎప్పుడూ ఉండే చిల్లర. నా బిడ్డకు అది తెలుసు. మళ్లీ అడగలేదు. అడగకపోవడమే నన్ను ఎక్కువ పీడించింది.

మేళానికి పట్నం నుంచి ఒక పెద్ద విద్వాంసుడిని పిలిపించాను. పెద్ద పెద్ద సభల్లో ఊదిన మనిషి. నా బిడ్డ పెళ్లికి నాకంటే బాగా ఊదేవాడే ఉండాలని నా పట్టుదల. డోలు మాత్రం మా బావే. ఆయన్ని కాదనే ధైర్యం నాకు లేదు. విద్వాంసుడు వచ్చీ రాగానే బావకు వరస చెప్పాడు: "నేను సన్నాయి పైకి లేపినప్పుడె గట్టిమేళం. అంతకుముందు దెబ్బ పడొద్దు." బావ తలాడించాడు. తలాడించినవాడి కళ్లు ఎటున్నాయో ఆయన చూసుకోలేదు.

పెళ్లి రోజు పొద్దున ఫంక్షన్ హాల్లో నన్ను చూడాలి. కొత్త పట్టుపంచె, భుజాన కండువా, చేతుల్లో ఏమీ లేదు. అన్నేళ్లలో పెళ్లి పందిట్లో ఖాళీ చేతులతో ఉండటం అదే మొదలు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. విద్వాంసుడు మొదలుపెట్టాడు. ఎంత గొప్పగా ఊదాడో చెప్పలేను. నా ఒళ్లంతా మండిపోయింది. వేళ్లు వాటంతట అవే తొడ మీద ఆడుతుంటే మా ఆవిడ గిల్లింది.

అలవాటు ఎంత పనికిమాలినదంటే, పంచె కట్టుకునేటప్పుడు నా పీకను నడుము మడతలో దోపుకున్నాను. ఎందుకో నాకే తెలియదు. ఖాళీ చేత్తో గుడికి పోనట్టు, పీక లేకుండా పెళ్లికి పోయి ఎరగను. గణపతి పూజ దగ్గర కూర్చున్నాక, చెయ్యి ఊరుకోక దాన్ని తీసి నోట్లో పెట్టుకున్నాను. పొద్దున పూట పెళ్లి పందిట్లో నా నోరు ఎరిగిన పని అదొక్కటే. పంతులు గోత్రం చెప్పమన్నాడు. నోరు తెరిచాను.

"పీ..." అని వచ్చింది.

పంతులు ఆగాడు. హాలంతా ఆగింది. ఆయన చెయ్యి చాచాడు, బళ్లో పంతులు గోళీలు లాక్కున్నట్టు. నేను పీక తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాని మీద నాలుగు నీళ్లు చల్లి, పసుపు కుంకుమ పెట్టి, పసుపు గణపతి పక్కన తమలపాకు మీద కూర్చోబెట్టాడు. "గీయనకు గూడ పూజ చేద్దాం. లేకుంటె మనల పెండ్లి కానియ్యడు" అన్నాడు. మా ఆవిడ తల వంచుకుంది. నవ్వుతోందో తిట్టుకుంటోందో కొంగు అడ్డం వచ్చి తెలియలేదు.

అల్లుడి కాళ్లు కడిగాను. కన్యాదానం చేశాను. బిడ్డ చెయ్యి నా చేతిలోంచి జరిగిపోయినప్పుడు కండువా అంచు కళ్లకు అద్దుకున్నాను. ఎందరో తండ్రులు ఈ క్షణంలో కళ్లు తుడుచుకోవడం మేళంలో కూర్చుని చూశాను. వాళ్లు అంత ఏడ్వడం ఎందుకని ఒకటి రెండుసార్లు అనుకున్నాను కూడా. వాళ్లందరినీ ఆ రోజు మనసులోనే క్షమించమని అడిగాను.

తర్వాత తెర పట్టారు. అటు అబ్బాయి, ఇటు నా బిడ్డ. ఇద్దరి చేతుల్లో తమలపాకులు, వాటిలో జీలకర్ర బెల్లం. ముహూర్తానికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. పంతులు తెర మీదికి వంగి అబ్బాయికి ఏదో చెబుతున్నాడు. వీడియోల వాళ్లు ఎప్పటిలాగే గోడ కట్టారు. విద్వాంసుడు ఆ గోడకు అవతల, ఎడమ వైపు. బావ సరిగ్గా నాకెదురుగా, డోలు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడు నా బిడ్డ తల కొంచెం తిప్పి నన్ను చూసింది. బాసికం కింద కనుబొమ్మలు రెండూ పైకి ఎగరేసింది.

ఎన్నేళ్లయిందో అది అలా చేసి. అప్పట్లో అడిగింది అయిపోయిందా అని. ఇప్పుడు అడిగింది, ఊదవా బాపు అని. నాకు పూర్తిగా అర్థమైంది. జవాబు చెప్పక తప్పదు. ఎడమ కనుబొమ్మ ఒక్కటే ఎత్తబోయాను. ఆగు బిడ్డా, ఏం చెయ్యను, అని. కానీ నాకు అరవై దగ్గర పడుతున్నాయి, కళ్లలో నీళ్లున్నాయి. ఆ వయసులో కనుబొమ్మలు కూడా జంట విడిచి తిరగవు. ఎడమదాని వెంట కుడిదీ లేచింది.

డోలు ఉరిమింది.

బావ తప్పు కాదు. ముప్పై ఏళ్లు ఆయన కళ్లు నా నుదుటి మీదే ఉన్నాయి. ఒక్కరోజు ఎవరో వచ్చి తన సన్నాయి చూడమంటే చూస్తాయా? వినేవాళ్లకు గట్టిమేళం అంటే గట్టిమేళమే. హాల్లో ఉన్నవాళ్లంతా "పడ్డది, పడ్డది ముహూర్తం" అంటూ అక్షింతలు విసిరేశారు. అల్లుడు కంగారుపడి, తెర మీంచి చెయ్యి చాపి జీలకర్ర బెల్లం గట్టిగా అదిమేశాడు. అక్కడున్నది నా బిడ్డ తల కాదు. తెర మీదికి వంగి ఉన్న పంతులు తల.

పంతులు నెమ్మదిగా లేచాడు. నెత్తి మీంచి బెల్లం పాకం చెవి వైపు దిగుతోంది. "అయిపాయె," అన్నాడు, "నాకు నీకు లగ్గమైంది బిడ్డా. ఇగ నీ పెండ్లాం సంగతి సూద్దాం."

అల్లుడు ఏడుపు ముఖం పెట్టాడు. సగంమంది చుట్టాలు అప్పటికే భోజనాల హాలు వైపు పరుగెత్తారు. మన పెళ్లిళ్ల సంగతి మీకు తెలియంది కాదు, అక్షింతలు చేతిలోంచి జారాక కాళ్లు ఆగవు. వాళ్లను బతిమాలి వెనక్కి తేవడానికి మా అన్నయ్య వెళ్లాడు. వియ్యంకుడు నా వైపు చూస్తున్నాడు. నేను నేల వైపు చూస్తున్నాను. నా బిడ్డ మాత్రం తెర వెనక పెదవి కొరుక్కుని వణుకుతోంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు, నవ్వు ఆపుకుంటోంది.

ఇంతలో అవతలి నుంచి విద్వాంసుడి గొంతు పైకి లేచింది.

"ఎవరిని సూసి కొట్టినవు?"

బావ అబద్ధం చెప్పే మనిషి కాదు. డోలు మీంచి చెయ్యి ఎత్తి నన్ను చూపించాడు. "గాయన కనుబొమ్మలు లేపిండు."

"నేను ఊదుతుంటె గాయన కనుబొమ్మలు సూసి వాయిస్తవా? అయితె గాయనతోనె ఊదించుకో!" విద్వాంసుడు సన్నాయిని సంచిలో పెట్టుకుని, సంచి చంకన పెట్టుకుని, భోజనాల హాలు వైపు వెళ్లిపోయాడు. కోపం వచ్చినా దారి మాత్రం సరైనదే పట్టుకున్నాడు.

ముహూర్తానికి ఎనిమిది నిమిషాలు. మేళంలో డోలు ఉంది, సన్నాయి లేదు. పంతులు తడి కండువాతో తల తుడుచుకుంటూ నన్నూ, తమలపాకు మీద కూర్చున్న నా పీకనూ మార్చి మార్చి చూశాడు.

"గట్టిమేళంల సన్నాయి లేకుండ నేను ఎన్నడు ముహూర్తం చెయ్యలే. ఇయ్యాల గూడ చెయ్య. పీక తీస్కో."

"అయ్యగారు, ఒక నోటితోటి..."

"కన్యాదానం అయిపాయె. బిడ్డ ఇగ నీది కాదు. నోరొక్కటే నీకు మిగిలింది. పీట మీంచి లేవకుండ ఊదు."

"గీ మాట ఆనాడె చెప్పరాదు?"

"పద్ధతి తప్పుతదని చెప్పలే. ఇయ్యాల నువ్వు తప్పించని పద్ధతి ఏం మిగిలింది?"

పీక ఉంది సరే, సన్నాయి ఏది? నాది ఇంట్లో గూట్లో ఉంది. ఆ మాట అనబోతుంటే మా ఆవిడ పక్కనున్న చీరల బుట్టలోకి చెయ్యి పెట్టి, కొత్త జాకెట్టు గుడ్డలో చుట్టిన పొడుగాటి మూట తీసి నా ఒళ్లో పడేసింది. గుడ్డ విప్పాను. నా సన్నాయే.

"సవితిని ఒక్కదాన్ని ఇంట్ల ఇడిసిపెట్టి వస్తె నలుగురు ఏమంటరు?" అంది, నా వైపు చూడకుండా. "దానికి గూడ పెండ్లి సూడబుద్ధి అయితది గద."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ మీద నాకు అంత ప్రేమ ఇంకెప్పుడూ పుట్టలేదు. అక్కడ అనలేకపోయాను, ఇక్కడ రాస్తున్నాను.

పంతులు ఈసారి తెరకు దూరంగా జరిగి నిలబడ్డాడు. ఒకసారి కాలిన నెత్తి కదా. ఎవరో వంటింటి నుంచి బియ్యం తెచ్చి పసుపు కలిపి మళ్లీ అందరికీ పంచారు. నేను పీక నోట్లో పెట్టుకున్నాను. పసుపు, కుంకుమ, గణపతి దగ్గరి అటుకుల పొడి, అన్ని రుచులూ ఉన్నాయి దానిమీద. పంతులు గడియారం చూసుకుంటూ చెయ్యి ఎత్తాడు. బావ నా నుదుటిని చూశాడు. తెర పక్కనుంచి నా బిడ్డ కూడా నా నుదుటినే చూసింది. రెండు కనుబొమ్మలూ ఎత్తాను. ఈసారి ఇద్దరికీ ఒకే జవాబు.

గొప్పగా ఊదానని మీరు అనుకుంటున్నారేమో. అబద్ధం చెప్పను. నా జీవితంలో అంత అధ్వాన్నంగా ఎన్నడూ ఊదలేదు. పీకలో పసుపు అడ్డుపడింది. కింది పెదవి వణికిపోయింది. గాలి లోపల ఎక్కడో తిరిగి తిరిగి, ఎండాకాలంలో నీళ్లందని బోరింగు కొట్టినప్పుడు వచ్చే చప్పుడు చేస్తూ బయటికి వచ్చింది. కీచుమంది. మధ్యలో రెండుసార్లు తెగింది. బావ డోలు ఆ తప్పులన్నిటినీ కప్పడానికి ఎన్నడూ లేనంత గట్టిగా మోగింది. తెర దిగింది. జీలకర్ర బెల్లం ఈసారి ఎవరి తల మీద పడాలో వాళ్ల తల మీదే పడింది. అక్షింతల వానలో నా బిడ్డ తల వంచుకోకుండా, నన్ను చూస్తూ పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. వీడియోలో చూడండి, చుట్టూ అందరూ గంభీరంగా ఉంటారు, పెళ్లికూతురు ఒక్కతే నవ్వుతూ ఉంటుంది. ఆ పక్కన ఒకాయన సన్నాయి పట్టుకుని ఏడుస్తుంటాడు.

పుస్తె కట్టే వేళకు నా వెనక ఎవరో నిలబడ్డట్టనిపించి తిరిగి చూశాను. విద్వాంసుడు. మూతికి ఇంకా పెరుగు అంటుకుని ఉంది.

"గింత ఘోరంగ ఊదినోడిని నేను ఇంతవరకు సూడలే," అన్నాడు.

"నేను గూడ సూడలే అన్నా. తప్పంత నాదే, మనసుల పెట్టుకోకు."

ఆయన కూర్చుని తన సన్నాయి బయటికి తీశాడు. పీకను సరిచేసుకున్నాడు. తర్వాత నాకొక్కడికే వినపడేలా అన్నాడు: "నా బిడ్డ పెండ్లిల నేను పీటల మీద కూసున్న. ఎవరో ఊదిండ్రు, మంచిగనే ఊదిండ్రు. ఎవరో గూడ గిప్పుడు యాదికి లేదు. నువ్వు జరుగు, ఇగ నేను సూసుకుంట."

పుస్తెకు ఆయన ఊదిన గట్టిమేళం ఎలా ఉందో మాటల్లో పెట్టే శక్తి నాకు లేదు. నేను పీట మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని విన్నాను. ఆ రోజు వేళ్లు తొడ మీద ఆడకపోవడం అదొక్కసారే.

బావ పోయిన ఏడాది కన్నుమూశాడు. చివరిసారి చూడటానికి వెళ్లినప్పుడు మంచం మీంచి నన్ను చూసి, "ఏంది బావా, కొట్టాల్నా?" అన్నాడు. నేను ఎడమ కనుబొమ్మ ఒక్కటే ఎత్తాను. ఆగు అని. ఆయన నవ్వాడు.

నా బిడ్డ ఇప్పటికీ ఆ ల్యాబులోనే పని చేస్తోంది. నేను ఫోన్ చేస్తే దాని ఫోన్లో నా కీచు గట్టిమేళమే మోగుతుంది. పెళ్లి వీడియోలోంచి ఆ ముక్క కత్తిరించి పెట్టుకుంది. సూది పొడిచే వేళకు అది మోగితే రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఉలిక్కిపడతారట. "ఇదేం చప్పుడమ్మా?" అంటే, "మా బాపు సన్నాయి" అని చెబుతుందట. నాకు సిగ్గు వేసింది. ఒకరోజు ఇంటికి వచ్చినప్పుడు అన్నాను: "నేను మంచిగ ఊదినయి ఎన్నో రికార్డులు ఉన్నయి గద బిడ్డా. అందులకెల్లి ఒకటి పెట్టుకోరాదు?"

"గవన్ని ఊరోళ్ల పెండ్లిలయి బాపు," అంది. "గిదొక్కటే నాది."

పిల్లలూ, సన్నాయి నేర్చుకోండి, కనుబొమ్మలు అదుపులో పెట్టుకోండి. నాకు పళ్లు పోయాయి, ఇక ఊదలేను. అందుకని పని ఉన్నా లేకున్నా రోజుకొకసారి నా బిడ్డకు ఫోన్ చేస్తాను. ఎత్తకపోయినా నాకేం బాధ లేదు. అక్కడ మోగితే చాలు.